ముందు రోడ్డా, ముందు మోరీనా? వరంగల్ల గల్లీ బాగుకు ఏది ఎంచుకోవాలె

మా గల్లీల పోయిన ఆదివారం మీటింగ్ అయింది. మీటింగ్ అంటే పెద్దగ ఏం లేదు, గుడి అరుగు మీద ఒక పదిహేను మందిమి కూసున్నం, చాయ్ తాగినం, లొల్లి పెట్టుకున్నం. సంగతి ఏందంటే డివిజన్‌కు కొన్ని పైసలు వచ్చేటట్టున్నయట, మీ గల్లీకి ఏం కావాల్నో ఒక కాయిదం మీద రాసి ఇయ్యిండ్రి అన్నరు. ఇగ చూడు, ఒకాయన సీసీ రోడ్డు అంటడు, ఎదురింటి అక్క మోరి అంటది, పోరగాండ్లకు ఓపెన్ జిమ్ము కావాలె, పెద్దమనుషులకు కమ్యూనిటీ హాలు కావాలె, మూలమీది ఇంటి కాకకైతే కాలనీ పేరు రాసిన కమాను కావాలె, దానికి ఏం రంగులెయ్యాల్నో కూడ ఆయనే చెప్పిండు. రెండు గంటలు కూసున్నా తెగలే.

నేను ఇంటి ప్లాన్లు గీసే పని చేస్త, ఇరవై ఏండ్ల సంది హన్మకొండ, వరంగల్, కాజీపేట మూడు దిక్కుల తిరుగుతాన్న, అందుకే నన్ను "నువ్వు చెప్పు తమ్మీ" అన్నరు. ఆడ చెప్పింది సగమే, మిగతాది ఇక్కడ రాస్తాన్న, ఎందుకంటే ఇదే లొల్లి శివనగర్ల ఉన్నది, కాశిబుగ్గల ఉన్నది, 66 డివిజన్లల్ల ఏ గల్లీకి పోయినా ఉన్నది. ముందే చెప్తాన్న, నేను మోరి పార్టీ. భూమి కింది పని కాకముందే మీది పని చేయించుకునుడంటే పైసలు మోరిల పోసినట్టే, కాకపోతే మాకు పోయడానికి మోరి కూడ సక్కగ లేదు.

ముందు జేబు చూడుండ్రి

ఏం పని కావాల్నో తర్వాత, ఆ పైసలు ఏ జేబులకెల్లి వస్తున్నయో ముందు అడగాలె. ఇది ఎవ్వరూ అడగరు. కార్పొరేషన్ సొంత పైసలు వేరు, అవి మన ఇంటి పన్ను, పర్మిషన్ ఫీజులు. ఆర్థిక సంఘం గ్రాంటు వేరు, 2021-26కు వచ్చిన 15వ ఆర్థిక సంఘం అయితే మన అసొంటి ఊర్లకు ఇచ్చేదాంట్ల సగానికి మించి తాగునీళ్ళకు, పారిశుధ్యానికే కట్టేసి పెట్టింది, దాంతోని కమాను కడ్తమంటే కుదరదు. ఎమ్మెల్యే నిధులు వేరు, ఎంపీకి ఏడాదికి 5 కోట్లు వచ్చేది వేరు. ఇంకోటి చాలామందికి తెల్వదు, 2019ల వచ్చిన తెలంగాణ మున్సిపాలిటీల చట్టంల బడ్జెట్ల 10 శాతం పచ్చదనానికే పెట్టాలె అని ఉన్నది, పెట్టిన మొక్కలల్ల 85 శాతం బతకాలె, బతకకపోతే బాధ్యత ఫలానోళ్ళది అని కూడ ఉన్నది.

గీ లెక్క తెలిస్తే సగం లొల్లి అక్కడనే తీరుతది. పార్కు కావాల్నా, దాన్ని ఆ 10 శాతంల అడుగుండ్రి. హాలు కావాల్నా, ఎమ్మెల్యే కాడికో ఎంపీ కాడికో పోండ్రి, వాళ్ళకు కూడ శిలాఫలకం కనపడే పనులంటేనే ఇష్టం, మోరి మీద శిలాఫలకం ఎవరు పెట్టుకుంటరు చెప్పు. డివిజన్ వాటా కింద వచ్చే ఆ కొన్ని పైసలు మాత్రం వేరే జేబుల దొరకని పనికే పెట్టాలె.

సీసీ రోడ్డా, మోరీనా

ఇక్కడ జెర ఎక్కువ చెప్త, ఎందుకంటే నూటికి తొంభై గల్లీలల్ల పంచాయితీ ఇదే.

మా నాయిన ఇల్లు కట్టినప్పుడు గడపకు రోడ్డు మీదికెల్లి నాలుగు మెట్లుండె. నాకు మంచిగ యాది ఉన్నది, రెండో మెట్టు మీద కూసొని మా నానమ్మ బీడీలు చుట్టేది. తర్వాత ఒకసారి సీసీ పోసిండ్రు, ఇంకోసారి పాతదాని మీదనే ఇంకో సీసీ పోసిండ్రు, మధ్యల ఒకసారి గుంతలు పూడ్చుడు అని కంకర, డస్టు కొట్టిండ్రు. గల్లీ సీసీ అంటే ఆరు అంగుళాల మందం పడుతది, మన ఇంటి మెట్టు ఎత్తు కూడ ఆరు అంగుళాలే, అంటే ఒక్క పొర పడ్డదంటే ఒక మెట్టు పోయినట్టే. ఇప్పుడు మా ఇంటికి ఒక్కటే మెట్టు మిగిలింది, అది కూడ సగం పూడింది. పక్కింటోళ్ళది ఇంకా కిందికున్నది, వాళ్ళు రోడ్డు మీదికెల్లి ఇంట్లకు దిగుతరు, వానొస్తే నీళ్ళు కూడ వాళ్ళ తోటే దిగుతయి. ఆళ్ళు గడపకు అడ్డంగ ఇటుకలు పేర్చి సిమెంటు కట్ట కట్టుకున్నరు, పండుగకు చుట్టాలొస్తే ఒక్కొక్కలు దానికి తట్టుకొని పడుతరు.

కాబట్టి రోడ్డే కావాలె అని మీ గల్లీ అంతా ఒక్క మాట మీద ఉంటే కనీసం పాత సీసీని పగలగొట్టి ఎత్తి, అదే లెవెల్‌కు కొత్తది పొయ్యాలె అని రాయించుకోండ్రి. పగలగొట్టుడు, మట్టి ఎత్తుడు ఎస్టిమేట్ల వేరే ఐటెంగ ఉండాలె, లేకపోతే కాంట్రాక్టరు చెయ్యడు, ఆయన తప్పు కూడ కాదు, పైసలు రాని పని ఎవరు చేస్తరు.

ఇగ మోరి సంగతి. మోరి కట్టిచ్చుకునుడు కూడ తప్పు కట్టిచ్చుకుంటే రోడ్డుకంటే అన్యాయం. మోరికి కావాల్సింది సిమెంటు కాదు, వాటం. నీళ్ళు ఎటు పోవాల్నో అటు వంగి ఉండాలె. మేస్త్రీలు మామూలుగ చెప్పే లెక్క, వంద ఫీట్లకు కనీసం ఆరు అంగుళాలన్న వాటం లేకపోతే అడుగున మన్ను ఆగుతది, మన్ను ఆగితే దోమలు, దోమలొస్తే మన కథ తెలిసిందే. దీన్ని మీరే చూసుకోవచ్చు, ఇంజినీరు అక్కర్లేదు. మేస్త్రీ కాడ సన్న తెల్లపైపు ఉంటది కదా, లెవెల్ పైపు, దాంట్ల నీళ్ళు నింపుండ్రి, మధ్యల గాలి బుడగ లేకుంట చూసుకోండ్రి, ఒక కొస ఒకరు ఇంకో కొస ఒకరు పట్టుకోండ్రి. రెండు దిక్కుల నీళ్ళు ఎక్కడ ఆగుతయో అది ఒక్కటే లెవెల్, అక్కడికెల్లి కిందికి టేపుతోని నేల దాకా కొలిస్తే ఎటు ఎత్తున్నదో ఎటు పల్లమున్నదో తెలుస్తది. గల్లీ పొడుగు ఉంటే ముక్కలు ముక్కలుగ కొలుచుకుంట పోవాలె. మేము అదే పొద్దున కొలిచినం, మా గల్లీ చివర పెద్దమోరి కలిసేకాడ గల్లీ నడుమకంటే నాలుగు అంగుళాలు ఎత్తున్నది! అంటే ఎన్ని లక్షలు పెట్టి మోరి కట్టినా నీళ్ళు ఉల్టా వచ్చి గల్లీ నడుమ, అంటే సరిగ్గ పక్కింటోళ్ళ ముంగట్నే ఆగుతయి. ఇప్పటిదాక రెండుసార్లు మోరి బాగుచేసిండ్రు, ఒక్కరు కూడ పైపు పెట్టి చూడలే. రోడ్డు కావాలన్న ఆయన కూడ ఆ పైపు చూసినంక సప్పుడు చెయ్యలే.

కింద లైన్ వచ్చేదాక ఏం చెయ్యాలె

ఇంకో ముచ్చట ఉన్నది, ఇది వరంగల్‌కే సొంతం. మన ఊరికి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ కోసం 2024 నవంబర్ల 4,170 కోట్లకు పరిపాలనా అనుమతి ఇచ్చిండ్రు. ఊరంత ఒక్కసారి కాదు, దిక్కు దిక్కుల తవ్వుకుంట వస్తరు, కానీ ఏదో ఒకనాడు మన గల్లీ నడుమ కూడ తవ్వుతరు, తవ్వక తప్పదు. ఇప్పుడు నడుమ తళతళ మెరిసే సీసీ పోసుకుంటే దాన్ని నిలువుగ కోస్తరు, కోసినంక పైపు వేసి మన్ను పోసి పైన అతుకు వేస్తరు, ఆ అతుకు మొదటి వానకే కుంగుతది. మన్ను సరిగ్గ దిమ్మిస కొట్టి, ఒక వానకాలం గడిచి, అది కూసున్నంక రోడ్డు వేస్తేనే నిలబడుతది.

అందరూ మరిచిపోయేది ఇంకోటి. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ వస్తే మోరి అక్కర్లేదని మస్తుమంది అనుకుంటాన్రు. అది బాత్రూం నీళ్ళకు, లెట్రిన్ నీళ్ళకు. ఆ నీళ్ళు పైపుల పోయి శుద్ధి చేసే ప్లాంటుకు చేరాలె. వాన నీళ్ళు వేరు, అవి మోరిల పడి, నాలాల పడి, చెరువుకు పోవాలె. రెండిటిని ఒక్క పైపుల కలిపితే ఏమైతదంటే పెద్దవాన పడ్డనాడు మ్యాన్‌హోల్ మూతలు లేస్తయి, లెట్రిన్ నీళ్ళు రోడ్డు మీద పారుతయి. కాబట్టి అది వచ్చినా వానకు మోరి కావాల్సిందే.

మరి అప్పటిదాక నడవద్దా అంటే నడవాలె. చిన్న గల్లీలకు, అంటే లారీలు రాని, ఆటో బండి తప్ప ఏం తిరగని గల్లీలకు పేవర్ బ్లాకులు మేలు. తవ్వేటప్పుడు బ్లాకులు ఎత్తి పక్కన పెడుతరు, పని అయినంక అవే మళ్ళ పేరుస్తరు. పెద్ద బండ్లు తిరిగే రోడ్డుకు మాత్రం పేవర్ వద్దు, ఏడాదికే టైరు పోయినకాడల్ల కాలువ పడుతది. మోరి మీద మూత ఉండాల్నా వద్దా అనేది కూడ అడుగుతరు. మూత లేకపోతే చెత్తేస్తరు, పోరలు పడుతరు, వాసనొస్తది, కానీ పూడిక పడ్డది కండ్లకు కనపడుతది కాబట్టి తీస్తరు. మూత ఉంటే పైన ముగ్గు మంచిగ పడుతది, బండి పెట్టుకోవచ్చు, కానీ లోపల ఏమైతాందో దేవునికి తెలుసు. నా మాట అయితే మూత పెట్టిచ్చుకోండ్రి, కాకపోతే ఇద్దరు మనుషులు లేపేటంత చిన్న పలకలు, ప్రతి ఇంటి ముంగట ఒకటి తీసి పెట్టేటట్టు. ఒక్కటే పొడుగు స్లాబు పోసి దాని మీద అరుగు కట్టుకున్నోళ్ళను చూసిన, పూడిక తియ్యాలంటే జేసీబీ రావాలె, జేసీబీ వస్తే అరుగు పోతది, అరుగు పోతదని వాళ్ళు జేసీబీని రానియ్యరు.

పార్కు, జిమ్ము, హాలు, కమాను

దీనికి ఎక్కువ టైం పెట్టను. ఓపెన్ జిమ్ము మొదటి ఆరు నెలలు మస్తుంటది, తర్వాత బేరింగులు పోతయి, బాగుచేసేటోడు దొరకడు, ఎవరు చూసుకుంటరో పేరుతోని తేలినంకనే అడుగుండ్రి. హాలు మాత్రం తీసిపారేసేది కాదు, పెండ్లికి, దినాలకు ఫంక్షన్ హాలు కిరాయి కట్టలేని బస్తీలకు అది నిజంగ అవసరమే, కాకపోతే కరెంటు బిల్లు ఎవరు కడుతరు, తాళం ఎవరి కాడ ఉంటది, ఈ రెండూ తేలకుంట కడితే అది ఒక్కలిద్దరి గోదాం అయితది. కమాను గురించి చివరికి చెప్త.

చెరువు కట్టనా, చెరువు కడుపా

చెరువు దగ్గరున్న కాలనీలోళ్ళకు ఇంకో ఎంపిక వస్తది, కట్ట మీద వాకింగ్ ట్రాకు, లైట్లు, బెంచీలు కావాల్నా, లేకపోతే పూడిక తీయించి, చెరువుకు నీళ్ళు తెచ్చే కట్టు కాలువలు బాగుచేయించాల్నా అని. భద్రకాళి చెరువే చూడుండ్రి. పాత వారసత్వ ఊర్ల కోసం కేంద్రం తెచ్చిన హృదయ్ స్కీముల, స్మార్ట్ సిటీల వచ్చిన పైసలతోని ముందు కట్ట అందంగ అయింది, పొద్దున పోతే నిజంగ మంచిగుంటది, నేను కూడ పోత. కానీ కడుపుల పూడిక అట్లనే ఉన్నది, చివరికి 2024 నవంబర్ల చెరువు మొత్తం ఖాళీ చేసి పూడిక తీసుడు మొదలుపెట్టిండ్రు. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్విన ఊరు మనది, ఒక చెరువు నిండితే అలుగు దుంకి కిందిదానికి పోవాలె, ఆ దారి పూడిపోయినప్పుడు కట్ట మీద ఎన్ని లైట్లు పెట్టినా అలుగు నీళ్ళకు దారి కనపడదు కదా. అలుగు నీళ్ళకు దారి తీసినంక లైట్లు అడుగుండ్రి.

నాలా పక్కన ఉన్నోళ్ళకు

2020 ఆగస్టుల సమ్మయ్యనగర్, నయీంనగర్, హంటర్ రోడ్డు దిక్కు ఇండ్లల్ల నీళ్ళు ఎట్లొచ్చినయో చూసినోళ్ళకు చెప్పక్కర్లేదు, 2023 జులైల మళ్ళ అదే కథ. ఆ తర్వాత నాలాల మీద కట్టినయి తీసుడు, గోడలు కట్టుడు జరిగింది, 2024ల నయీంనగర్ పాత బ్రిడ్జి కూలగొట్టి కొత్తది కట్టిండ్రు. ఇప్పుడు ఏ నాలా పక్కన కాలనీల అడిగినా మాకు కూడ రిటైనింగ్ వాల్ కావాలె అంటాన్రు. గోడ మంచిదే, నాలా నీళ్ళు కాలనీలకు రాకుంట ఆపుతది. కానీ అదే గోడ కాలనీల పడ్డ వాన నీళ్ళను నాలాలకు పోకుంట కూడ ఆపుతది, ఇది ఆలోచించరు. గోడల అక్కడక్కడ పైపులు పెట్టి, నాలా నిండితే నీళ్ళు ఉల్టా రాకుంట మూసుకునే తలుపులు పెట్టాలె. గోడ డ్రాయింగ్ల ఆ పైపులు ఉన్నయా లేవా అని చూడుండ్రి, లేకపోతే పెట్టిచ్చుకోండ్రి. నాలా వెడల్పు చేసుడా, గోడ కట్టుడా అని రెండిట్ల ఒకటి అంటే మాత్రం వెడల్పే. పది ఫీట్ల నాలాకు ఇరవై ఫీట్ల ఎత్తు గోడ కట్టినా అది పది ఫీట్ల నాలానే.

కొత్తగ ప్లాటు కొనేటోళ్ళు కూడ ఈ లెక్క చూసుకోండ్రి. 2012ల వచ్చిన 168 జీవో ప్రకారం 10 మీటర్లకు మించిన నాలా, వాగు ఉంటే దాని గట్టుకెల్లి 9 మీటర్లు వదలాలె, 10 మీటర్లలోపుదైతే 2 మీటర్లు. 10 హెక్టార్లు, అంతకు పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ గీతకెల్లి, అంటే చెరువు పూర్తిగ నిండితే నీళ్ళు ఆగే గీతకెల్లి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు. "అన్నా, పక్కోడు కట్టిండు కదా" అని నా కాడికి వచ్చేటోళ్ళు వారానికి ఒకలు ఉంటరు. పక్కోని కాయిదం నాకు తెల్వదు, నీ ప్లాన్ మాత్రం నేను గియ్యను అని చెప్త.

ఖిలా వరంగల్ల, వేయిస్తంభాల గుడి దగ్గర ఉన్నోళ్ళకు ఇంకో గీత ఉన్నది. పురావస్తు చట్టం కింద 100 మీటర్ల లోపల కొత్తది కట్టనియ్యరు, దాని తర్వాత ఇంకో 200 మీటర్ల దాక పర్మిషన్ వేరే తీసుకోవాలె. ఆ గీతల ఉన్న బస్తీలు కొత్త బిల్డింగులు అడుగుడుకంటే ఉన్నవాటి రిపేరు, మోరి, నల్లా అడుగుడు మేలు.

రోడ్డు వెడల్పు: నగదా, టీడీఆరా, లేకపోతే ఒక అంతస్తా

ఊరు 2041 దాక ఎట్ల పెరగాల్నో గీసిన మాస్టర్ ప్లాన్ 2041 వచ్చినంక చాలామంది పరేషాన్ల ఉన్నరు. దాదాపు 50 ఏండ్ల తర్వాత కొత్త ప్లాన్ వచ్చింది కాబట్టి రోడ్ల వెడల్పులు మారినయి, తన ఇంటి ముంగటి 40 ఫీట్ల రోడ్డు కాయిదం మీద ఎంత ఉన్నదో తెల్వనోడు ఇప్పుడే పోయి చూసుకోవాలె. జాగ పోయేటట్టుంటే మూడు దార్లు ఉంటయి.

నగదు. 2013 భూసేకరణ చట్టం కింద సిటీ జాగకు మార్కెట్ విలువ ఎంతో అంత, దాని మీద మళ్ళ నూటికి నూరు శాతం సొలేషియం, అంటే మన ఇష్టం లేకున్నా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పైసలు, ఇల్లు, చెట్లు, బోరు ఉంటే వాటికి వేరే, నోటిఫికేషన్ నుంచి అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఆర్డరు దాక ఏడాదికి 12 శాతం లెక్కన ఇంకింత. వినడానికి డబుల్ అనిపిస్తది. కాకపోతే ఆ మార్కెట్ విలువ అనేది రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల రిజిస్టర్ అయిన దస్తావేజుల మీద తీస్తరు. మనం గజం ముప్పై వేలకు కొని పది వేలకు రిజిస్ట్రేషన్ చేయించుకున్నం కదా, ఇప్పుడు ఆ పది వేలే మన మెడకు చుట్టుకుంటది. పదికి డబుల్ ఇరవై. నష్టమే, కానీ చేతిల పైసలు పడుతయి, సగం ఇల్లు పోయినోడు మిగతా సగం నిలబెట్టుకునేటందుకు ఆ పైసలు కావాలె.

టీడీఆర్. అంటే జాగకు బదులు సర్టిఫికెట్ ఇస్తరు, దాన్ని బిల్డర్‌కు అమ్ముకోవచ్చు, ఆయన దాంతోని తన బిల్డింగుల ఎక్కువ అంతస్తు వేసుకుంటడు. హైదరాబాదుల పెద్ద పెద్ద టవర్లు కట్టేటోళ్ళున్నరు కాబట్టి దానికి గిరాకీ ఉన్నది. మన దిక్కు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు కట్టేటోడు టీడీఆర్ కొని ఏం చేసుకోవాలె? అమ్ముడుపోదని కాదు, బేరం ఆయన చేతిల ఉంటది, మన చేతిల ఉండదు. పెద్ద జాగ పోయి, అవసరం లేక, ఆగగలిగే మనిషైతే తీసుకోవచ్చు. నౌకరి లేని, పెండ్లీడు బిడ్డ ఉన్న ఇంటికి మాత్రం నేను టీడీఆర్ చెప్పను.

మూడోది, ఇది చాలామంది అడగనే అడగరు. రోడ్డుకు జాగ ఉత్తగ రాసిచ్చి, మిగిలిన జాగల మళ్ళ కట్టుకునేటప్పుడు చుట్టు వదిలే జాగల సడలింపో, పైన ఒక అంతస్తు ఎక్కువనో తీసుకునుడు. మెయిన్ రోడ్డు మీద కింద షాపులు, పైన కిరాయి ఇండ్లు ఉన్నోళ్ళకు ఇది మూడిట్ల మంచిది. పోయింది పది ఫీట్లు, వచ్చింది ఒక అంతస్తు కిరాయి, పైంగ రోడ్డు వెడల్పు అయినంక షాపు కిరాయి పెరుగుతది. ఇల్లు పాతదై, ఎట్లైనా కూలగొట్టి కట్టాల్సిందే అయితే కండ్లు మూసుకొని ఇదే. కొత్త ఇల్లు కట్టి ఐదేండ్లే అయితే నగదు.

కొలిచేటోళ్ళు వచ్చినప్పుడు ఇంటి ముంగట ఎర్రరంగుతోని గీత గీస్తరు. ఆ గీత రోడ్డు నడుమకెల్లి కొలిచిండ్రా, మన గోడకెల్లి కొలిచిండ్రా అని అడుగుండ్రి. నాకు తెలిసిన ఒకాయన ఇంటికి ఎదురు దిక్కు మూడు ఫీట్లు, ఈయన దిక్కు తొమ్మిది ఫీట్లు పోతదని గీసిండ్రు, రోడ్డు నడుమ ఎక్కడనో తేల్చుమంటే మళ్ళ కొలిచిండ్రు, ఆరు, ఆరు అయింది. ఆ రోడ్డు మీద బండి పెట్టుకొని బతికేటోళ్ళు ఉంటే వాళ్ళకు 2014 వీధి వ్యాపారుల చట్టం ఉన్నది, వేరే కాడికి పంపాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇయ్యాలె. ముందు గుర్తింపు సర్టిఫికెట్ తీసి పెట్టుకోమని చెప్పుండ్రి.

బస్తీ: ఉన్నకాడ పట్టానా, నాలుగంతస్తుల ఇల్లా

రేకుల ఇండ్లల్ల ఉండేటోళ్ళకు ఇదే పెద్ద ప్రశ్న. ఒక దిక్కు 2014 డిసెంబర్ల వచ్చిన 58 జీవో అసొంటిది, దాని కింద సర్కారు జాగల ఉన్న పేదలకు 125 గజాల దాక ఉత్తగ పట్టా ఇచ్చిండ్రు. పట్టా ఉంటే ఇందిరమ్మ ఇల్లు కింద 5 లక్షలు విడతలుగ వస్తయి, కనీసం 400 చదరపు ఫీట్లు కట్టుకోవాలె. ఇంకో దిక్కు బస్తీ మొత్తం ఖాళీ చేసి అపార్ట్‌మెంట్ లెక్క ఇండ్లు, పోయిన సర్కారు కట్టిన డబుల్ బెడ్రూం ఇండ్ల అసొంటియి, అవి ఒక్కొక్కటి 560 చదరపు ఫీట్లుండె.

కాయిదం మీద చూస్తే రెండోదే పెద్దది, రెండోదే అందం. కానీ పని ఏం చేస్తరో చూసి ఎంచుకోవాలె. కొత్తవాడల ఒక పెద్దాయన ఇంట్ల చూసిన, దర్రీలు నేసే గుంట మగ్గం, కాళ్ళు కిందికి పెట్టి నేసే గుంత, మూడు తరాల సంది అదే గుంత. మన వరంగల్ దర్రీలకు 2018ల జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకే అనే ముద్ర వచ్చింది, మంచిదే, కానీ మూడో అంతస్తుల స్లాబుకు గుంత ఎట్ల తవ్వుతడు? తోపుడు బండి ఎక్కడ పెడుతరు, ఇడ్లీ పిండి గ్రైండరు రాత్రి రెండు గంటలకు తిప్పితే కింది ఇంటోళ్ళు ఊకుంటరా, రెండు మేకలున్నోళ్ళు ఏం చెయ్యాలె. ఇంట్లనే పని ఉన్నోళ్ళకు ఉన్నకాడ పట్టా. పొద్దున పోయి రాత్రి వచ్చే కూలి పనోళ్ళు, నౌకరోళ్ళు, నాలా పక్కన ప్రతి వానకు మునిగేటోళ్ళు అయితే అపార్ట్‌మెంటే నయం, నాలా ఒడ్డు మీద పట్టా ఎట్లా రాదు, వచ్చినా నీళ్ళకు పట్టా అర్థం కాదు.

ఒక్కటి మాత్రం, ఇల్లు ఖాళీ చేసి జాగ అప్పజెప్పేది ఉంటే, కొత్తది వచ్చేదాక కిరాయి ఎవరు కడుతరు, ఎన్ని నెలలు, ఏ బ్లాకుల ఏ నంబరు అనేది మీ పేరుతోని కాయిదం చేతికి రాకముందు రేకు ఒక్కటి కూడ ఇప్పకుండ్రి. ఇండ్లు కట్టినంక కూడ తాళాలు ఏండ్లకు ఏండ్లు చేతికి రాని ముచ్చట్లు మన ఊర్ల కొత్త కాదు. ఇంకా మోటరు, సెప్టిక్ ట్యాంకు, మెట్ల లైటు, వీటికి నెలకు ఇంటికి ఇంత అని మొదటి నెలనే కమిటీ వేసుకోవాలె, తర్వాత ఎవ్వరూ వెయ్యరు.

ఊరి అంచున భూములున్నోళ్ళది వేరే కథ, వాళ్ళకు రెండు మాటల్ల చెప్త. ల్యాండ్ పూలింగ్ అంటే భూమి ఇచ్చి, లేఅవుట్ చేసినంక అందుల కొన్ని గజాల ప్లాట్లు తీసుకునుడు. రింగురోడ్డు చుట్టు 27 ఊర్లల్ల 21,510 ఎకరాలు అని తీస్తే రైతులు ఊకోలే, 2022 మేల వాపస్ తీసుకున్నరు. పూలింగ్ మొత్తానికే చెడ్డదని నేననను, ప్లాటు అభివృద్ధి అయితే భూమి పైసల కంటే ఎక్కువనే రావచ్చు. కానీ రెండు పంటలు తీసే ఎకరం పోయి ప్లాటు చేతికి వచ్చేదాక ఏం తినాలె అనే ప్రశ్నకు జవాబు లేకుంటే సంతకం పెట్టొద్దు.

కాయిదం ఎట్ల రాయాలె

"మా గల్లీకి డ్రైనేజీ కావాలె" అని రాస్తే అది ఫైల్ల పడుకుంటది. ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి నంబరు దాక, ఎన్ని మీటర్లు, వెడల్పెంత, నీళ్ళు ఏ మోరిల కలవాలె, లెవెల్ ఎంత తేడా ఉన్నది, గివి రాయాలె, వాన నాటి ఫోటో ఒకటి పెట్టాలె. ఒక్క గల్లీకి ఒక్క పనే రాయాలె, ఐదు రాస్తే వాళ్ళకు అలకగ అయ్యేది ఎంచుకుంటరు, అది ఎప్పుడైనా కమానే. అర్జీలు తీసుకునే ప్రజావాణి సోమవారం ఉంటది, ఇచ్చినంక రసీదు నంబరు తీసుకోండ్రి. పని మంజూరైతే పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతోని ఎస్టిమేట్ కాపీ అడుగుండ్రి, 30 రోజులల్ల ఇయ్యాలె. అది చేతిల ఉంటే పని జరిగేనాడు టేపు పట్టుకొని నిలబడొచ్చు, "మందం ఆరు అంగుళాలు రాసి ఉన్నది, నాలుగే పోస్తున్నరేంది" అని అడగొచ్చు. సీసీ అయితే పోసినంక గోనె సంచులు పరిచి రెండు వారాలన్న నీళ్ళు కొట్టాలె, దానికి కాంట్రాక్టరు కోసం ఎదురుచూడకుండ్రి, ఇంటికో రోజు వంతు పెట్టుకోండ్రి, నీళ్ళు మనయే రోడ్డు మనదే.

మా గల్లీల ఏమైందంటే ఆఖరికి మోరి రాసినం, గల్లీ చివర ఉన్న నాలుగు అంగుళాల ఎత్తు దించి, ఆ మీద వాటం కూడ ఇయ్యాలె అని రాసినం, పదిహేను మందిల పద్నాలుగు సంతకాలు పడ్డయి. కాక పెట్టలే. "కమాను నా సొంత పైసలతోని కట్టిస్త, మీరేం ఇయ్యక్కర్లేదు" అని లేచి పోయిండు. మరునాడు పొద్దున నేనే వాళ్ళింటికి పోయిన, చాయ్ పోసిండు, కమాను బొమ్మ చూపిచ్చిండు, బాగనే గీయించిండు. రెండు పిల్లర్లు ఎక్కడ వస్తయి కాకా అని అడిగితే వేలు పెట్టి చూపిచ్చిండు, రెండూ సక్కగ మోరి నడుమనే ఉన్నయి. ఒక గంట కూసొని చెరో మూడు ఫీట్లు జరిపించి, ఆ బొమ్మ మీదనే ఆయనతోని సంతకం పెట్టిచ్చుకొని వచ్చిన.